బిక్షపతి రాసిన తప్పుడు లోతులు

మా రాఘవేంద్రనగర్‌లో ఏ ఇంటి కింద ఎన్ని అడుగుల్లో నీళ్లున్నాయో ఇంటివాళ్లు మరిచిపోయినా బిక్షపతి మరిచిపోడు. బోరు బండి మీద పనిచేసే మనిషి. నాచారం, మల్లాపూర్, చిలకానగర్, ఉప్పల్ మధ్య ఆయన దగ్గరుండి వేయించని బోర్లు తక్కువ. మా ఇంటి బోరూ ఆయన వేసిందే. ఆయన పగ గురించి ఈ చుట్టుపక్కల చాలామందికి తెలుసు గానీ, అది ఎవరెవరిని కాల్చిందో పూర్తిగా తెలిసినవాళ్లు తక్కువ. కొంత ఆయనే చెప్పాడు. కొంత చిలకానగర్‌లో ఉండే ఉమారాణి చెప్పింది. ఆయన దాచుకున్నవి ఆమె దాచలేదు.

బిక్షపతిది జనగామ దగ్గర పల్లె. వాళ్ల నాయన ఉన్న రెండెకరాల్లో ఒకదాని తర్వాత ఒకటి మూడు బోర్లు వేయించాడు. మూడింట్లోనూ దుమ్మే లేచింది. అన్నీ అయిపోయాక తెలిసిందేమిటంటే, ఆ మెట్ట చెలక కింద అంతా ఒకటే బండరాయి అని బోరు వేసినవాడికి ముందే తెలుసు. పక్క చెలకలో అంతకు ముందే వేసి చూశాడు. చెప్పలేదంతే. 1995లో బిక్షపతి భార్య సత్తమ్మతో మల్లాపూర్ వచ్చి, బోరు బండి మీద రాడ్లు ఎత్తే పనిలో చేరాడు. చేరిన నెలలోనే ఒక పొడుగు నోటుబుక్కు కొన్నాడు.

ఒక్కో రాడ్డు ఇరవై అడుగులు. ఎన్నో రాడ్డుకు రాయి తగిలింది, ఎన్నో రాడ్డుకు రాతిలో పగులు దొరికింది, పైకొచ్చే పొడి ఏ రంగులో ఉంది, నీళ్లు ఎన్ని ఇంచుల ధారగా పడ్డాయి అన్నీ రాసేవాడు. ఇంటాయన పేరు, ఫోన్ నంబరు రాసేవాడు. మళ్లీ వచ్చినప్పుడు పనికొస్తాయని తనకు తోచినవి కూడా చివర్లో రాసేవాడు. ‘గేటు చిన్నది, బండి పట్టదు.’ ‘ఇంటామె చాయ్ ఇచ్చింది.’ ‘కుక్క ఉంది.’ చదివింది ఏడో తరగతే. రాత మాత్రం గుండ్రంగా ఉండేది. పదకొండేళ్లలో పదహారు నోటుబుక్కులు, పంతొమ్మిది వందల బోర్లు అయ్యాయి.

ఎవరైనా కొత్తగా బోరు వేయించుకుందామని వస్తే నోటుబుక్కు తీసి చూపించేవాడు.

“నీ పక్కింట్ల పదిహేడో రాడ్డుకు పడ్డయ్ నీళ్లు. నువ్వు మూడు వందల అరవై దాంక పో. ఫికర్ జెయ్యకు.”

అది చెప్పినందుకు ఏమీ తీసుకునేవాడు కాదు. తెలిసి చెప్పకపోవడం ఆయన లెక్కలో మహాపాపం.

2006లో విక్రమ్ అనే కుర్రాడు వచ్చాడు. హబ్సిగూడ వాడు. ఇంజనీరింగ్ చదివి, నాచారం మెయిన్ రోడ్డు మీద మేడ పైన ‘పాతాళధార’ అని ఆఫీసు తెరిచాడు. నోటుబుక్కులు చూసి కళ్లు పెద్దవి చేశాడు.

“అన్నా, ఇవి తడిస్తే ఏం జేస్తవ్? చెదలు వడితే ఏం జేస్తవ్? నాకియ్యి, కంప్యూటర్ల ఎక్కిస్త. ఎప్పటికీ పోవు.”

బిక్షపతి మురిసిపోయాడు. తన రాతను అంత జాగ్రత్తగా పేజీ పేజీ తిప్పి చూసిన చదువుకున్న మనిషిని ఆయన అదే మొదటిసారి చూడటం. మూడు నెలలు నోటుబుక్కులు ఆ ఆఫీసులోనే ఉన్నాయి. ఇద్దరు ఆడపిల్లలు టైపు చేశారు. అర్థం కాని చోట ఫోన్ చేస్తే బిక్షపతి పని వదిలేసి వెళ్లి చదివి వినిపించేవాడు. తర్వాత పదహారింటినీ అట్ట వేయించి మరీ తిరిగిచ్చాడు విక్రమ్. సత్తమ్మ ఆ రోజు అతనికి కోడికూర వండి పెట్టింది.

ఏడాది తిరక్కుండానే స్నేహపురి కాలనీలో ఒక బిల్డరు బోరు వేయించడానికి బిక్షపతిని పిలిచాడు. బిక్షపతి సలహా చెప్పబోతే, చేత్తో ఆపి, ఒక కాగితం తీశాడు.

“నువ్వు జెప్పుడెందుకు? రిపోర్టు కొన్న. పాతాళధారోళ్లది. సుట్టుపక్కల బోర్లన్నీ ఈ కాయితంలనే ఉన్నయ్.”

బిక్షపతి కాగితం అందుకుని చూశాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివాడు. పక్కింటి యజమాని పేరు, ఫోన్ నంబరు, కేసింగ్ గొట్టం ఎన్ని అడుగులు, నీళ్లు ఎన్ని ఇంచులు. అన్నిటికీ చివర ‘రిమార్క్స్’ అనే గడిలో ‘డాగ్’ అని ఉంది.

ఆ కుక్క తనను కరవబోతే గోడెక్కి కూర్చున్న సంగతి బిక్షపతికి బాగా గుర్తుంది. ఆ రాత తనదే.

బండి అక్కడే వదిలేసి ఆఫీసుకు వెళ్లాడు. విక్రమ్ కుర్చీ జరిపాడు, మంచినీళ్లు ఇప్పించాడు.

“నీ పుస్తకాలు నీకు ఇచ్చినం గదా అన్నా. ఒక్క కాయితమన్న తక్కువుందా?”

“పుస్తకాలు ఇచ్చినవ్ సార్. అండ్ల ఉన్నయి తీసుకున్నవ్ గదా.”

“అండ్ల ఉన్నది నేల కింద సంగతి. అది ఎవ్వరిది కాదు. గాలి నీదా? వాన నీదా? మేం కష్టపడి డేటాబేస్ జేసినం, అది మాది.” ఒక ఖాళీ ఫారం ముందుకు జరిపి, “నీకు పని కావాల్నంటే చెప్పు. కొత్త బోర్ల వివరాలు వారం వారం తెచ్చియ్యి. ఎంతో కొంత ఇస్త,” అన్నాడు.

బిక్షపతి లేచి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాడు. ఎస్సై అంతా విని నవ్వాడు. “పుస్తకాలు నీ చేతులనే ఉన్నయ్. ఇగ దొంగతనం ఏడిదయ్యా?” మల్కాజిగిరిలో స్వర్ణలత అనే వకీలు మాత్రం నవ్వలేదు. ఓపిగ్గా చెప్పింది.

“ఎన్ని అడుగులకు నీళ్లు పడ్డాయన్న నిజం మీద ఎవరికీ హక్కుండదు. మీరు కూర్చి రాసిన తీరు మీద మీకు కొంత హక్కు ఉందని వాదించవచ్చు. వాదిస్తాను కూడా. కానీ తేలడానికి ఎన్నేళ్లు పడుతుందో చెప్పలేను.”

“ఎన్నేండ్లయినా వాడు అమ్ముకుంటనే ఉంటడా మేడం?”

“ఉంటాడు.”

మెట్లు దిగుతూనే బిక్షపతి ఒక నిర్ణయానికి వచ్చాడు. నెల రోజులు ఆగి, తల వంచుకుని విక్రమ్ దగ్గరికి వెళ్లాడు. పని ఇస్తే చేస్తానన్నాడు. విక్రమ్ భుజం తట్టాడు.

అప్పటినుంచి ప్రతి శనివారం కొత్త బోర్ల ఫారాలు నింపి ఇచ్చేవాడు. ఎక్కువ వాటిలో నిజమే రాసేవాడు. నమ్మకం కుదరాలి కదా. మధ్య మధ్యలో ఒకటి అబద్ధం. ఆరు వందల అడుగులు పోయినా దుమ్ము లేచిన చోట ‘మూడు వందల నలభై, రెండు ఇంచులు’ అని రాసేవాడు. విక్రమ్ చూడకుండానే టైపుకు పంపేవాడు. ఆ కాగితం టైపు చేసే పిల్ల చేతిలోకి వెళ్లేటప్పుడు ఒంట్లో ఎక్కడో చల్లగా ఉండేదని బిక్షపతి నాతో అన్నాడు. ఎండలో రాడ్లు ఎత్తి ఎత్తి వచ్చినవాడికి కుండ నీళ్లు దొరికినంత హాయి. అరవై మూడు అబద్ధాలు రాశాడు. ఏవేవో ఎక్కడా రాసుకోలేదు. అన్నీ మనసులోనే పెట్టుకున్నాడు.

పాపమని అనిపించలేదా అని అడిగాను.

“రిపోర్టులు కొనేది బిల్డర్లే అనుకున్న. వాళ్లకు ఒక బోరు పోతే ఏం గాదు. ఆఫీసు మీద వడి కొడ్తరు, వాని పేరు నాశనమైతదని సూసిన,” అన్నాడు.

నిజంగానే రెండు చోట్ల గొడవలయ్యాయి. ఒక కాంట్రాక్టరు ఆఫీసు అద్దం పగలగొట్టాడు. బిక్షపతి ఎదురుగా చాయ్ దుకాణంలో నిలబడి అది కళ్లారా చూశాడు. ఇంకో చాయ్ చెప్పి మరీ చూశాడు.

2009 ఎండాకాలంలో చిలకానగర్ నుంచి కబురొచ్చింది. బోరు ఫెయిలైంది, వచ్చి చూడమని. ఉమారాణి అనే ఆమె, తల్లి సారలమ్మతో కలిసి ఎనభై గజాల్లో రెండు గదులు కట్టుకుంటోంది. నాచారంలో మందుల కంపెనీలో ప్యాకింగ్ పని ఆమెది. వేరే బండివాడు ఏడు వందల ఇరవై అడుగులు వేసి, చుక్క నీరు లేక సామాను సర్దుకుని పోయాడు. బూడిదరంగు పొడి జాగా అంతా పేరుకుని ఉంది. సారలమ్మ కొంగుతో మూతి కప్పుకుని ఆ పొడి ఎత్తిపోస్తోంది.

“జర సూడన్నా,” అంది ఉమారాణి. “అందరూ నీ పేరు జెప్పిన్రు. మాకు తెల్వక గీ కాయితం కొని, దీన్ని సూసే ఏయించినం. ఉన్న బంగారమంత దీనికే వెట్టిన.”

బిక్షపతి రిపోర్టు చూశాడు. చుట్టుపక్కల మూడు బోర్లు చూపించారు. మూడూ మంచి నీళ్లు. మూడూ ఆయన రాసిన అబద్ధాలే.

కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టాడు. రేపొస్తానని చెప్పి వచ్చేశాడు. అన్నం ముందు కూర్చుని సత్తమ్మకు అంతా చెప్పాడు. అప్పటిదాకా ఆమెకు ఏమీ తెలియదు. వడ్డించే గరిటె గిన్నెలో పెట్టేసి అంది:

“మీ నాయనకు ఆ బోరోడు తెల్సి జెప్పలే. నువ్వు ఆమెకు తెల్సి అబద్ధం జెప్పినవ్. నీకంటె వాడే నయం గదా.”

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఉమారాణికి నిజం చెప్పాడు. విక్రమ్ చేసింది, తాను చేసింది, ఏదీ వదలకుండా. ఆమె పునాది రాయి మీద కూర్చుని వింది. ‘అన్నా’ అన్న పిలుపు ఆ రోజుతో పోయింది.

“నీ పగకు నా జాగానే దొరికిందా?”

ఆయన ఎదురుగా ఆ బూడిదరంగు పొడిలోనే కూర్చున్నాడు.

“నీ అంకెలు వాడు దొంగతనం జేసిండని అంటున్నవ్ గదా. అవి నీయి ఎట్లయినయ్? బోరు ఇంటోళ్లది. నేల ఇంటోళ్లది. కాయకష్టం జేసి ఏయించుకున్నది వాళ్లు. వాళ్ల పేరు, వాళ్ల ఫోన్ నంబరు, వాళ్లింట్ల కుక్క గూడ రాస్కున్నవ్. ఒక్కలనన్న అడిగినవా? రాసినందుకు నీకు కూలి లెక్క ఉంటే ఉండొచ్చు. నీ సొత్తెట్లయితది? అడగకుండ వాడు నీ దగ్గర తీస్కున్నడు, అడగకుండ నువ్వు మా దగ్గర తీస్కున్నవ్.”

పద్నాలుగేళ్లలో ఎవరూ అనని మాట అది. ఎస్సై నవ్వినా, విక్రమ్ మోసం చేసినా బిక్షపతికి తగలని దెబ్బ ఇక్కడ తగిలింది.

ముందు ఆమెకు నీళ్లు చూపించాలి. తన బండి యజమానిని బతిమాలి, ఖర్చు తన జీతంలోంచి కోసుకోమని చెప్పి బండి తెచ్చాడు. వాయవ్య మూలన వేశాడు. ఇరవై ఎనిమిదో రాడ్డుకు పొడి తడిసింది, ముద్దలు ముద్దలుగా వచ్చింది, ఆ వెనకే నీళ్లు. ఒక ఇంచు. సారలమ్మ దోసిలి పట్టి మొహం కడుక్కుంది. ఉమారాణి మాత్రం పక్కనే నిలబడి అంది:

“నీళ్లు వడ్డయని మర్సిపోతననుకోకు. నీ సంగతి తర్వాత. ముందు వాని సంగతి సూడాలె.”

ఆమె అప్పటికే రిపోర్టు పట్టుకుని విక్రమ్ ఆఫీసుకు వెళ్లి వచ్చింది. వాళ్లు కాగితం అడుగున చీమ తలకాయంత అక్షరాలు చూపించారట. ఈ సమాచారంలో తప్పులుంటే మేము బాధ్యులం కాము అని.

“అమ్ముకునేటప్పుడు వాళ్లదట. తప్పయితే ఎవ్వరిది కాదట,” అని ఉమారాణి ఇప్పటికీ పళ్లు కొరుకుతుంది.

ఏం చేయాలో కూడా ఆమే చెప్పింది. ఇంటింటికీ పోవాలి. మీ బోరు సంగతి రాసుకున్నది నేనే, మిమ్మల్ని అడగలేదు అని ఒప్పుకోవాలి. ఇష్టమైతే ఆ అంకెలు వాళ్ల గేటు పక్కనే గోడ మీద, అందరికీ కనబడేలా రంగుతో రాయాలి. ఇష్టం లేదంటే నోటుబుక్కులోంచి కొట్టెయ్యాలి. ఊరికే కనిపించేదాన్ని డబ్బు పెట్టి ఎవడు కొంటాడు?

“వాని దుకాణం బందైతది. నీకు సిగ్గొస్తది. నాకు రెండూ గావాలె,” అంది.

ఆదివారాలు ఇద్దరూ బయల్దేరారు. ఆయన చేతిలో నల్ల రంగు డబ్బా, కుంచె. ఆమె చేతిలో నోటుబుక్కులు. మొదటి ఇంట్లోనే చివాట్లు పడ్డాయి. ఆ ఇల్లు అన్నపూర్ణమ్మ అనే రిటైరైన టీచరుది.

“ఓహో, నువ్వా! రెండేండ్ల సంది ట్యాంకర్లోళ్లు ఫోన్ల మీద ఫోన్లు. అమ్మా, మీ బోరుల అర ఇంచే అంట గదా, ట్యాంకరు పంపాల్నా అని. మా ఇంట్ల నీళ్లు తక్కువున్నయని ఊరందరికీ ఎట్ల తెల్సిందా అని నేను పరేషాన్ అయితున్న!”

విక్రమ్ రిపోర్టులు ట్యాంకర్లవాళ్లూ కొన్నారన్నమాట. బిక్షపతి గుమ్మం బయటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఉమారాణి ఆయన తరఫున ఒక్క మాట మాట్లాడలేదు. అన్నపూర్ణమ్మ తిట్టినంతసేపు తిట్టి, తన పేజీ చూపించమంది. కళ్లజోడు పెట్టుకుని చదివింది. పేరు, ఫోన్ నంబరు కొట్టించింది. లోతు మాత్రం గోడ మీద రాయమంది. “పక్క ప్లాటోళ్లకు పనికొస్తది. కానీ ఏది జెప్పాల్నో నేను జెప్త, నువ్వు గాదు,” అంది. ఆ తర్వాత ప్రతి ఇంట్లోనూ ఆమె చెప్పిన పద్ధతే పాటించారు.

పద్నాలుగు నెలలు పట్టింది. వెయ్యికి పైగా గోడల మీద లోతు, రాయి, నీళ్లు, సంవత్సరం పడ్డాయి. కొన్ని వందల ఇళ్లు తాళాలు వేసో, చేతులు మారో ఉన్నాయి. రెండు వందల మంది అసలు వద్దన్నారు. వాళ్ల ఎదుటే ఆయన ఆ వరుసలు నల్లగా కొట్టేశాడు. తన గుండ్రటి అక్షరాల్లో ఒక్కటీ చదవడానికి మిగలకుండా గీసేవాడు. అబద్ధం రాసిన అరవై మూడు ఇళ్లలో నిజం లోతులు రాశాడు. ఏ ఇళ్లో మాత్రం ఎవరికీ విడిగా చెప్పలేదు. బోరు బండ్ల యజమానులతో ఒక్క మాటే అన్నాడు: పాతాళధార రిపోర్టుల్లో నేను రాసిన అబద్ధాలున్నాయి, నమ్ముకోవద్దు.

ఆ మాట ఉప్పల్ రింగ్ రోడ్డు దాటి బోడుప్పల్ దాకా పోయింది. రిపోర్టులు కొనేవాళ్లు లేకుండా పోయారు. విక్రమ్ తన మనుషులను కెమెరాలిచ్చి గోడలు ఫొటోలు తీసుకురమ్మని పంపాడు. అప్పటికి కాలనీల వాళ్లు ఆరితేరారు. “ఎవ్వల్ని అడిగి తీస్తున్నవ్?” అని గేటు గేటు దగ్గరా పట్టుకున్నారు. అన్నపూర్ణమ్మ ఒకడి కెమెరా లాక్కుని, తన గోడ ఫొటో తీసేసేదాకా ఇవ్వలేదు.

2011లో ఒక మధ్యాహ్నం విక్రమ్ మల్లాపూర్‌లో బండి దగ్గరికి వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది.

“ఏవేవి తప్పో చెప్పన్నా. మిగిలినయన్నీ మంచిగనే ఉన్నయ్. ఆ కొన్ని తీసేస్తే నా పని నడుస్తది. ఎంతడిగితే అంత ఇస్త.”

బిక్షపతి రాడ్డుకు గ్రీజు పూస్తూనే ఉన్నాడు.

“గోడల మీద ఉన్నయ్ సార్. ఇంటింటికి పో. ఆగు, గుమ్మం ముంగట నిలవడు, దండం వెట్టు, అడుగు. ఇస్తే రాస్కో.”

“రెండు వేల ఇండ్లు ఎట్ల తిరగాలె?”

“నేను తిరిగిన. రాసేటప్పుడు తిరిగిన, తప్పొప్పుకునేటప్పుడు తిరిగిన.”

విక్రమ్ మొహం మారింది. “కావాల్నని నా డేటా పాడుజేసినవ్. కేసు వెడ్త.”

అప్పుడు బిక్షపతి తలెత్తాడు. ఆ క్షణం కోసమే నాలుగేళ్లు బతికాడేమో అనిపించేది, ఆయన దాన్ని చెప్పేటప్పుడు.

“పెట్టు సార్. స్టేషన్ల ఏం జెప్తవ్? ఎవ్వరిది కాని అంకెల్ని బిక్షపతి పాడుజేసిండని జెప్తవా? నీయని జెప్తవా? నీయయితే చిలకానగర్ల ఏడు వందల ఇరవై అడుగులు గూడ నీయే. పా, ఇద్దరం పోదాం. నా తప్పు నేను ఒప్పుకుంట. నీది నువ్వు ఒప్పుకో.”

విక్రమ్ కేసు పెట్టలేదు. సంవత్సరం చివర ఆఫీసు మూసేశాడు. సామాను ఆటోలోకి ఎక్కిస్తుంటే బిక్షపతి పని ఎగ్గొట్టి వెళ్లి, ఎదురుగా నిలబడి, ఆటో మలుపు తిరిగేదాకా చూశాడు. జాలి కలగలేదా అంటే లేదన్నాడు. సిగ్గుపడకుండానే అన్నాడు. ఇప్పటికీ ఆ మేడ ముందు నుంచి వెళ్తే మెడ తిప్పి ఒకసారి చూస్తాడు. సత్తమ్మ పక్కనుంటే కసురుకుంటుంది: “కడుపు నిండలేదా ఇంకా?” నిండలేదంటాడు.

తెలంగాణ వచ్చిన ఏడాది నేను ఇదంతా రాసుకోవడానికి ఆయన దగ్గర కూర్చున్నాను. గోడల మీది అంకెలు చాలాచోట్ల సున్నం పూతల కింద పోయాయి. కొందరు మళ్లీ రాయించుకున్నారు. నీళ్లు ఇంకా కిందికి దిగినచోట పాత లోతు కింద కొత్త లోతు వేయించుకున్నారు. ఇప్పుడు బిక్షపతి కొత్త బోరు వేస్తే ముందు అడుగుతాడు. “రాస్కోవాల్నా అమ్మా? ఏది రాయాలె, ఏది వద్దు?” వద్దంటే ఊరుకుంటాడు.

చిలకానగర్‌లో ఉమారాణి గోడ మాత్రం ఖాళీగానే ఉంది. ఏటా ఆయన వెళ్లి అడుగుతాడు. మోటారు చెడిపోతే ఊరికే బాగుచేసి మరీ అడుగుతాడు. ఆమె మంచినీళ్లు ఇస్తుంది, చాయ్ కూడా ఇస్తుంది.

“రాస్కోవాల్నా ఉమారాణీ?”

“వద్దు.”

“పక్కోళ్లకు పనికొస్తది.”

“పక్కోళ్లు అడిగితే నేను జెప్త. నువ్వు రాయకు.”

ఆయన సరేనని లేస్తాడు. ఆ బోరు వివరాలు ఆయన నోటుబుక్కులో నిజంగానే లేవు. నేను వెతికాను. ఆమె బోరు వేసిన 2009 మే నెల పేజీలో రెండు వరుసల మధ్య ఒక వరుస ఖాళీగా ఉంది. అది ఏమిటని అడిగితే నోటుబుక్కు నా చేతుల్లోంచి తీసుకుని మూసేశాడు.